డబ్బూ తీరికా ఉంటే ఏ పని చేసేవారు?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో ఈ శీర్షిక కింద పాఠకులనే ఒక ప్రశ్న అడిగాం. ఇల్లు గడవడం గురించి చింత లేకుండా ఉండి, రోజులో కావలసినంత తీరిక దొరికితే, మీరు ఏ వృత్తిలో ఉండాలని కోరుకుంటారు, ఆ దారిలో మీకున్న సందేహం ఏమిటి అన్నది ఆ ప్రశ్న. వచ్చిన ఉత్తరాలన్నీ చదివాను. విశ్రాంతి కావాలనో, దేశాలు తిరగాలనో రాసినవాళ్లు బహు తక్కువ. మిగిలినవాళ్లంతా పనే కోరుకున్నారు, అందులోనూ చేతికీ కంటికీ శ్రమ ఉన్న పని కోరుకున్నారు. ఈ సంగతి నాకు ఎంతో సంతోషం కలిగించింది. చోటు చాలదు కనుక ఆరు ఉత్తరాలకే ఇక్కడ జవాబు రాస్తున్నాను.

*

ప్రశ్న: నాకు నలభై ఆరేళ్లు. బ్యాంకులో పని చేస్తున్నాను. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారిణిని కావాలన్నది చిన్నప్పటి కోరిక. పదేళ్లుగా ఆదివారాల్లో బజారులో దొరికే యాక్రిలిక్ రంగులతో బట్టల మీద బొమ్మలు వేస్తున్నాను, చూసినవాళ్లు మెచ్చుకుంటున్నారు. పిల్లల చదువులు అయిపోయాయి. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని పూర్తిగా ఇందులోకి దిగవచ్చా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: పదేళ్లపాటు ఆదివారాలు వదలకుండా బొమ్మలు వేశారంటే మీ కోరిక గట్టిదని ఒప్పుకోవాలి. అయితే మీరు ఇన్నాళ్లూ చేసింది కలంకారీ పనిలో ఒక భాగం మాత్రమే. మిగిలిన భాగం ఎలా ఉంటుందో తెలుసుకోకుండా రాజీనామా పత్రం మీద సంతకం పెట్టవద్దని మీ శ్రేయస్సు కోరి చెబుతున్నాను.

శ్రీకాళహస్తి పద్ధతిలో కలం పట్టడానికి ముందే చాలా పని ఉంది. ముతక నూలు గాడా బట్టను తెచ్చి, గంజి పూర్తిగా వదిలేదాకా ఉతికి ఆరవేయాలి. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో దాన్ని నానబెట్టి, మడత మడతకూ సమంగా పట్టేలా పిసికి, గట్టిగా పిండి ఎండలో వేయాలి. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసినప్పుడు నలుపునిస్తుంది. అప్పుడు చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో బొమ్మ ఛాయ గీసుకుంటారు. కలం అంటే ఒక కొన సన్నగా చెక్కిన వెదురుపుల్ల. కొనకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని రంగును పీల్చి దాచుకుంటుంది, వేళ్లతో ఎంత నొక్కితే అంత కిందికి దించుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడితే నల్లరంగుకు కావలసిన ద్రవం తయారవుతుంది. దాని వాసన ఇల్లంతా పడుతుంది. ఆ ద్రవంతో గీసిన గీత కరక్కాయ పట్టిన బట్టను తాకిన తరువాత నల్లబడుతుంది. ఒకసారి పడిన గీతను చెరపడం కుదరదు.

ఆ తరువాతి ఎరుపు గురించి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఈ వృత్తిలోని ఓపిక అంతా అక్కడే తెలుస్తుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. పూసినప్పుడు కంటికి పెద్దగా ఏమీ కనిపించదు. ఆరనిచ్చి, అదనంగా ఉన్న పటిక అంతా పోయేలా పారే నీటిలో ఉతికి, సురుడు చెక్క వంటివి వేసిన గంగాళంలో ఆ బట్టను తిప్పుతూ ఉడికిస్తే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది. ఎక్కడైనా పటిక నీరు చిందితే ఆ మరకా ఎర్రగానే తేలుతుంది. పిమ్మట మళ్లీ ఉతుకు, మళ్లీ పాలు, మళ్లీ ఎండ. పసుపు కరకపువ్వు నుంచి, నీలం నీలిమందు నుంచి వస్తాయి, పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ అవుతుంది. ప్రతి రంగుకూ మధ్య ఉతికి ఆరవేసే పని తప్పదు. ఆ ఉతుకుకు పారే నీరు కావాలి, శ్రీకాళహస్తి పక్కనున్న స్వర్ణముఖి ఏడాది పొడుగునా పారే నది కాదు.

ఇదంతా మిమ్మల్ని వెనక్కు లాగడానికి రాయలేదు. మీ కోరిక బొమ్మ గీయడం మీదా, లేక కరక్కాయ వాసన, గంగాళం పొగ, నీళ్లలో నాని ముడుతలు పడిన వేళ్లు, ఎండ కోసం ఎదురుచూపు కూడా కలిసిన మొత్తం పని మీదా అన్నది మీరే తేల్చుకోవాలి. బొమ్మ మీదే అయితే మీ ఆదివారాలు మీకు చాలు, అందులో చిన్నతనం ఏమీ లేదు. మొత్తం పని మీద అయితే, ముందు ఒక నెల సెలవు పెట్టి శ్రీకాళహస్తి వెళ్లండి. అక్కడ 1950ల చివర్లో, చేతివృత్తుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ ప్రోత్సాహంతో ప్రభుత్వ శిక్షణ కేంద్రం మొదలయ్యాకే అంతరించిపోతున్న ఈ విద్య మళ్లీ నిలదొక్కుకుంది. ఆ తరంలో నేర్చుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈనాటికీ ఆ ఊళ్లో ఇళ్ల దగ్గరే పని నేర్పే కళాకారులు ఉన్నారు. ఒకరిని గురువుగా ఎంచుకుని, మొదటి నెలంతా కలం అడగకుండా ఉతుకు పనీ ఉడికే పనీ ఇవ్వమని అడగండి. నేర్పినందుకు పూర్తి రుసుము ఇవ్వండి, బేరం ఆడవద్దు, అది వారి బతుకుతెరువు. నెల చివర బ్యాంకుకు తిరిగి వెళ్లిన రోజు మీ చేతులు దేనికోసం వెతుకుతున్నాయో మీకే తెలుస్తుంది. అప్పుడు మళ్లీ రాయండి.

ఇంకొక మాట. ఉద్యోగం మానుకుని వచ్చినవారు తమకు డబ్బుతో పని లేదు కదా అని సగం ధరకే అమ్మితే, అదే పని మీద కుటుంబాన్ని పోషించుకునే పక్కింటి కళాకారుడి గిట్టుబాటు ధర పడిపోతుంది. మీకు డబ్బు అవసరం లేకపోయినా మీ పనికి ఊళ్లో నడిచే ధరే పెట్టండి.

*

ప్రశ్న: అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వయసు ముప్పై నాలుగు. చిన్నప్పుడు మిద్దె మీద పడుకుని చుక్కలు లెక్కపెడుతూ ఖగోళ శాస్త్రవేత్తను అవుతానని అనుకున్నాను. ఎంసెట్ ర్యాంకు వచ్చింది, ఇంజనీరింగు చదివేశాను. డబ్బు అడ్డు లేకపోతే ఇప్పటికైనా పీహెచ్‌డీకి వెళ్లేవాణ్ణి. ఆలస్యమైపోయిందా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వయసు దాటిపోలేదు. కానీ మీ ఉత్తరంలో ఉన్న కోరిక మిద్దె మీది ఆకాశానిది, మీరు అడిగిన దారి విశ్వవిద్యాలయానిది. ఈ రెండింటినీ విడదీసి చూడాలి. నేటి ఖగోళ శాస్త్రవేత్త పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని, దూరదర్శిని పంపిన అంకెలను జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాస్తూ గడుపుతాడు. అంటే ఆయన పని మీరు ఇప్పుడు చేస్తున్న పనికి మీరు అనుకున్నదానికంటే చాలా దగ్గర. ఆ అంకెల వెనకున్న ప్రశ్న మీ నిద్ర చెడగొడుతుంటే పీహెచ్‌డీ మీకు తగినదే, నాలుగైదేళ్లు జీతం తగ్గినా తట్టుకోవచ్చు. ఆకాశాన్ని చూడాలన్నదే మీ దాహం అయితే, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ రెండో దారిలో నడిచిన ఒక గుమాస్తా గురించి చెబుతాను. రాధాగోవింద చంద్ర అనే ఆయన నేటి బంగ్లాదేశ్‌లో ఉన్న జెస్సోర్ ఊళ్లో, కలెక్టరు కచేరీ ఖజానాలో నాణేలు సరిచూసే చిన్న ఉద్యోగి. స్కూలు చివరి పరీక్ష కూడా గట్టెక్కలేకపోయారు. 1918లో గరుడ నక్షత్ర మండలంలో కొత్తగా ఒక నోవా, అంటే ఉన్నట్టుండి కాంతి పెరిగే తార, వెలిగినప్పుడు దాని కాంతి రోజురోజుకూ ఎలా తగ్గుతోందో చూసి రాసుకున్నారు. అక్కడ నుంచి చరతారలను, అంటే కాంతి పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలను గమనించడం మొదలుపెట్టి, అమెరికాలోని చరతారా పరిశీలకుల సంఘానికి దశాబ్దాల పాటు వేల సంఖ్యలో పరిశీలనలు పంపారు. ఆ సంఘం ఆయనకు సముద్రం దాటించి 6 అంగుళాల దూరదర్శినిని పంపింది. ఆయన వాడిన ఆ దూరదర్శిని తరువాత మన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు చేతికి వచ్చింది.

వేణు బప్పు పేరు రాగానే హైదరాబాదు గుర్తుకు వస్తుంది. ఆయన తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. చిన్ననాడే తండ్రి వెంట అక్కడి పరికరాల మధ్య తిరిగిన ఆ కుర్రవాడు 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకడయ్యాడు. తమిళనాట కావలూరులోని వేధశాల ఈనాడు ఆయన పేరుతోనే ఉంది. ఆ నిజామియా వేధశాలలో జరిగిన పెద్ద పని ఏమిటో తెలుసా? ఆకాశంలోని ఒక పట్టీని ఫొటో పలకల మీదికి ఎక్కించి, ఆ పలకల మీది చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి పట్టికలకు ఎక్కించడం. అలా 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను అచ్చువేశారు. సూక్ష్మదర్శినిలోకి వంగి ఏళ్ల తరబడి కొలిచిన గుమాస్తాల పేర్లు ఎవరికీ గుర్తులేవు, కానీ ఆ కొలతలు నిలిచి ఉన్నాయి. ఖగోళ శాస్త్రంలో ఎక్కువ భాగం ఇలాంటి పనే. అది మీకు విసుగ్గా తోచకపోతే మీరు ఆ వృత్తికి పుట్టినవారే.

మీరు ఉన్న చోటి నుంచే మొదలుపెట్టవచ్చు. 1995లో హేల్–బాప్ తోకచుక్కను కనుగొన్న ఇద్దరిలో థామస్ బాప్ నిర్మాణ సామగ్రి కంపెనీలో ఉద్యోగి. ఆ రాత్రి ఆయన చూసింది కూడా మిత్రుడి దూరదర్శినిలోంచే. నగరపు దీపాలకు దూరంగా, నెలకు రెండు రాత్రులు, ఒక బైనాక్యులర్సు, ఒక చరతార పటం, ఒక నోటుబుక్కు. ఎంచుకున్న తారను పక్కనున్న, కాంతి ఎంతో ముందే తెలిసిన తారలతో పోల్చి, తేదీ, సమయం వేసి రాసుకోండి. ఏడాది పాటు ఆ పుస్తకం నిండుతూ పోతే, పీహెచ్‌డీ దరఖాస్తు గురించి అప్పుడు ఆలోచించండి.

*

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా చేసి పదవీ విరమణ పొందాను. పింఛను వస్తుంది, తీరిక ఉంది. శాసనాలు చదవడం నేర్చుకుని ఆ పనిలోనే మిగిలిన రోజులు గడపాలని ఉంది. చరిత్రలో నాకు పట్టా లేదు. ఈ వయసులో మొదలుపెడితే పండితులు చూసి నవ్వుతారేమోనన్న జంకు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

జవాబు: అయ్యా, మేము అడిగిన ప్రశ్నలోని రెండు అడ్డంకులూ మీకు లేవు. మిగిలింది జంకు ఒక్కటే. పైగా మీరు ఉన్న ఊరు ఎలాంటిదో ఒకసారి తలచుకోండి. తెలుగులో దొరికిన తొలి శాసనంగా పేరుపొందిన కలమళ్ల శాసనం మీకు కూతవేటు దూరంలోని ఎర్రగుంట్ల మండలంలోదే. రేనాటి చోళుడు ఎరికల్ ముతురాజు ధనంజయుడు వేయించిన ఆ శాసనాన్ని సుమారు సామాన్య శకం 575 నాటిదిగా లెక్కిస్తారు. ఎర్రగుడిపాడు శాసనం కూడా మీ జిల్లాదే. మీ ఇంటి చుట్టూ ఉన్న నేలే మన భాషకు మొదటి పలక.

పట్టా గురించి బెంగ వద్దు. బెజవాడలోని యుద్ధమల్లుని శాసనంలో మధ్యాక్కర పద్యాలు ఉన్నాయని మీరు పిల్లలకు పాఠం చెప్పే ఉంటారు. ఆ శాసనాన్ని పరిష్కరించి ప్రకటించిన జయంతి రామయ్య పంతులు గారు ఉద్యోగరీత్యా డిప్యూటీ కలెక్టరు. ఛందస్సు తెలిసి, పాత వ్యాకరణం తెలిసి, శకటరేఫకూ (ఱ) సాధురేఫకూ (ర) తేడా తెలిసిన తెలుగు పండితుడికి ఈ పనిలో సగం దారి ముందే నడిచినట్టు. నేర్చుకోవలసింది లిపి. ఈనాటి తెలుగు అక్షరం నుంచి వెనక్కి వెళ్లండి. ముందు విజయనగర కాలపు శాసనాలు, తరువాత కాకతీయులవి, ఆ తరువాత తూర్పు చాళుక్యులవి, చివరకు రేనాటి చోళులవి. తలకట్టు ఎక్కడ మారిందో, ఇప్పుడు మనం వాడని ఴకారం ఎక్కడ కనిపిస్తుందో ఒక పుస్తకంలో మీ చేత్తోనే దిద్దుకుంటూ పోతే, ఏడాది లోపు చేతికి అలవాటవుతుంది.

శాసనానికి అచ్చు తీయడం నేను ఒక పల్లెటూరి గుళ్లో కళ్లారా చూశాను. ఆ ఉదయం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మెత్తని కుచ్చుతో, మంచినీళ్లతో రాతిని గంటసేపు కడిగారు. తడిపిన కాగితాన్ని రాతి మీద ముడత లేకుండా పరిచి, గుర్రపు వెంట్రుకల కుచ్చుతో పై నుంచి కిందికి తడుతూ వచ్చారు. తట్టిన కొద్దీ కాగితం అక్షరాల గుంటల్లోకి దిగింది. తడి సగం ఆరాక, గుడ్డ చుట్టిన చిన్న దిండుకు మసి అద్ది, మెల్లగా ఒత్తారు. రాయి ఎత్తుగా ఉన్న చోటంతా నల్లగా అయ్యి, గుంటల్లోని అక్షరాలు తెల్లగా మిగిలాయి. అంతవరకు రాతి మీద గరుకుగా మాత్రమే తోచినచోట ఒక్కసారిగా ‘స్వస్తి’ అన్న మాట కనిపించింది. పక్కన నిలబడిన పూజారి గారు ముప్పై ఏళ్లుగా ఆ రాయి మీదే పూలబుట్ట పెడుతున్నానని చెప్పి, ఆ రోజు నుంచి బుట్టను పక్కకు మార్చారు.

అచ్చు తీయడం అనుభవజ్ఞుల దగ్గర నేర్చుకోవాలి, రక్షిత కట్టడాల దగ్గర పురావస్తు శాఖ అనుమతి ఉండాలి. అంతవరకు ఫొటోలు తీయండి. ఎదురుగా పడే వెలుతురులో అక్షరం కనబడదు. పొద్దు వాలే వేళ, లేదా రాత్రి పక్క నుంచి టార్చి వేసి, ఏటవాలు వెలుతురులో తీస్తే గుంటలన్నీ నీడతో తేలుతాయి. అక్షరాల్లో సుద్ద రుద్దడం, నూనె పూయడం, రంగు వేయడం ఎప్పుడూ చేయవద్దు, ఎవరినీ చేయనివ్వవద్దు. ఊరూరా గుళ్ల జీర్ణోద్ధరణ పేరుతో శాసనాల మీద సున్నం, పెయింటు వేసేస్తున్నారు, కొన్నింటిని గచ్చు కింద కప్పేస్తున్నారు. ఆ మాట తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కొత్త రాయి ఏదైనా కంటపడితే ఫొటో తీసి మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికీ, రాష్ట్ర పురావస్తు శాఖకూ తెలపండి. ఊళ్లో తిరిగే ఒక తెలుగు మాష్టారు ఒక్క రాతిని సున్నం నుంచి కాపాడితే, చదవడం రేపటివారికైనా వీలవుతుంది. నవ్వేవాళ్ల గురించి మీరు ఆలోచించే తీరిక ఇక ఉండదు.

*

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. మీ పత్రికలో ప్రశ్న చదివి, డబ్బు అడ్డు లేకపోతే అడవి జంతువుల ఫొటోలు తీసే పనిలో ఉంటానని అంటున్నాడు. మూడు లక్షల కెమెరా అడుగుతున్నాడు. పరీక్షల ముందు పిల్లలకు ఇలాంటి ఆశలు పెట్టడం న్యాయమా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ ఆశ మేము పెట్టింది కాదు, వాడిలో ఉన్నదే మీకు ఇప్పుడు వినబడింది. కెమెరా ఇప్పుడు కొనవద్దు. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువుల దగ్గర గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు కడతాయి. పరీక్షలు అయ్యాక పది ఆదివారాలు, తెల్లవారకముందే, కెమెరా లేకుండా, ఒక పుస్తకం, పెన్సిలు ఇచ్చి పంపండి. ఏ పక్షి ఎటు నుంచి వచ్చింది, ముక్కున ఏమి తెచ్చింది, గూట్లో ఎన్ని పిల్లలు ఉన్నాయి అన్నది రాసుకురమ్మనండి. ఈ వృత్తిలో కెమెరా నొక్కేది క్షణం, కదలకుండా కూర్చునేది పూట. పదో ఆదివారం కూడా మీరు లేపకుండానే లేస్తే, అప్పుడు కెమెరా గురించి మాట్లాడుకోవచ్చు. అదీ ముందు పాతది, అరువుది.

*

ప్రశ్న: ఇంటి పనితోనే పొద్దు గడిచిపోతుంది. నాకంటూ ఒక కోరిక ఉందంటే అది మా ఊళ్లో గ్రంథాలయం నడపాలని. భవనం, ఫర్నిచరు, పుస్తకాలు అన్నీ కలిపి లెక్క వేస్తే లక్షలు అవుతున్నాయి. ఎలా?
— ఒక గృహిణి, తెనాలి దగ్గర పల్లె

జవాబు: మీ ప్రాంతం వారికి ఈ విషయంలో చెప్పవలసిన అవసరం లేదు, గుర్తుచేస్తే చాలు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. భవనం కోసం ఆగలేదు. కాలువ గట్టున ఉన్న ఊళ్లకు పుస్తకాలు నీటి మీద వచ్చేవి. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనానికి ఈనాడు పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో పాత పత్రికలు వెతుక్కుంటూ వస్తున్నారంటే, అక్కడ ఎవరో ఒకరు రోజూ దుమ్ము దులిపి, చెదలు చూసి, సంచికలు క్రమం తప్పకుండా దొంతర పెట్టడమే దానికి కారణం.

మీ ఇంటి అరుగు చాలు. రెండు వందల పుస్తకాలు, ఒక రిజిస్టరు, అట్టలు వేయడానికి గోధుమరంగు కాగితం. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు, వానొచ్చినా చుట్టాలొచ్చినా ఆ రెండు గంటలూ తలుపు తీసి ఉంచండి. మొదటి నెల ఎవరూ రాకపోవచ్చు. వచ్చినవాళ్లు పుస్తకం తిరిగి ఇవ్వకపోవచ్చు, మీరే వారి ఇంటికి వెళ్లి నొప్పించకుండా అడిగి తెచ్చుకోవలసి వస్తుంది. గ్రంథాలయాధికారి ఉద్యోగంలో నిజమైన పని అదే. ఆ రెండు గంటలు మీవి అని ఇంట్లోవాళ్ల చేత ఒప్పించుకోవడం మాత్రం భవనం కట్టడం కంటే కష్టం. మొదట ఆ పని చేయండి. వంట ముందో వెనకో అవుతుంది, లేదా ఇంకొకరు చేస్తారు.

*

ప్రశ్న: మీ ప్రశ్న మా పిల్లవాడు చదివి వినిపించాడు. నేను నలభై ఏళ్లుగా మగ్గం నేస్తున్నాను. మాస్టర్ వీవరు ఇచ్చిన నూలు, ఇచ్చిన డిజైను, ఇచ్చిన కూలి. డబ్బూ తీరికా ఉంటే ఏ పని చేస్తావంటే, నేను ఇదే పని చేస్తాను. కాకపోతే మా తాత నేసినట్టు ఒక తేలియా రుమాలు, నా మనసుకు తోచిన లెక్కతో, తొందర లేకుండా నేస్తాను. అది నేస్తే ఇల్లు గడవదు. పట్నంలో ఉద్యోగాలు మానుకుని చేతిపని నేర్చుకుంటామనేవాళ్ల గురించి పత్రికల్లో రాస్తారు. చేతిపనిలో ఉన్నవాళ్ల కల గురించి ఎవరైనా అడిగారా?
— ఒక నేత కార్మికుడు, పోచంపల్లి ప్రాంతం

జవాబు: అన్నా, ఇన్ని ఉత్తరాల్లో నన్ను రెండుసార్లు చదివించింది మీ ఉత్తరమే. మీరన్నది నిజం. మేము ప్రశ్న వేసినప్పుడు ఉద్యోగం ఒకటి, కల ఇంకొకటి అనుకుని వేశాం. తన చేతిలో ఉన్న పనినే తన ఇష్టప్రకారం చేసుకోవాలన్నదీ ఒక కలేనని మాకు తట్టలేదు.

తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. తేలియా రుమాలు కోసం నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలోనూ రోజుల తరబడి మళ్లీ మళ్లీ నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. అలా చేస్తే నూలు రంగును విడవకుండా పట్టుకుంటుంది. నేసిన బట్టకు నూనె వాసన ఉండిపోతుంది కనుకనే తేలియా అన్న పేరు. తరువాత పడుగునూ (నిలువు పోగులు) పేకనూ (అడ్డపోగులు) లెక్క ప్రకారం చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, ఎరుపూ నలుపూ అద్ది, మగ్గం మీద ఆ రెండు లెక్కలూ గడి గడిలో కలిసేలా నేయాలి. ఒక పోగు జరిగితే బొమ్మ అంచు చెదురుతుంది. చీరాలలో పెరిగిన ఈ విద్య పుట్టపాకలో నిలబడింది. దానికోసం జీవితం పెట్టిన గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది.

మీకు పూర్తి జవాబు నా దగ్గర ఉందని చెబితే అది అబద్ధం అవుతుంది. ఆ రుమాలు మీద కూర్చున్న వారాల్లో మీకు కూలి రాదు, నూలు ఖర్చు మీ మీదే పడుతుంది. తీరిక అన్నది మీ ఇళ్లలో ఎంత ఖరీదైనదో అందరికీ తెలిసినదే. ఆసు పోయడానికి, అంటే చిటికి కట్టే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి చుట్టడానికి, ఒక్క చీరకు మీ ఇంటి ఆడవాళ్లు చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడించేవారు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేశారు, ఆ తల్లి లక్ష్మి పేరే దానికి పెట్టారు. ఆ యంత్రం ఎంతోమంది తల్లులకు కాస్త తీరిక ఇచ్చింది. డిజైను తన ఇష్టప్రకారం నేసుకునే స్వేచ్ఛను మాత్రం ఏ యంత్రమూ ఇవ్వలేదు. అది కొనేవాడి చేతిలో ఉంది.

కనుక ఈ మాట కొనగలిగిన పాఠకులతో చెబుతున్నాను. చేతిపని మీద ప్రేమ ఉన్నవారు అందరూ మగ్గం నేర్చుకోనక్కర్లేదు. ఒక నేతగాడికి ముందుగా నూలు ఖర్చూ సగం కూలీ ఇచ్చి, డిజైను ఆయనకే వదిలి, గడువు అడగకుండా ఒక్క బట్ట నేయించుకోండి. తీరిక అంటే ఆయనకు అదే. అన్నా, ఇలా ముందుకు వచ్చేవారు పత్రిక చిరునామాకు రాస్తే, ఆ ఉత్తరాలను మీకు చేరవేసే బాధ్యత మాది. మాస్టర్ వీవరుతో మాట చెడకుండా, పండుగ ఆర్డర్లు తగ్గే నెలల్లో ఈ పని పెట్టుకోవడం మంచిదని మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటి ఉంది. మీ తాతగారు నేసిన రుమాలులో ముక్క ఏదైనా ఇంట్లో మిగిలి ఉంటే, చిరుగులతో ఉన్నా సరే, దాన్ని నేల మీద పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి గళ్లు లెక్కపెట్టండి. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ లెక్కను గ్రాఫు కాగితం మీద ఎక్కించండి. ఎక్కడ ఎన్ని పోగులకు చిటికి కట్టారో మీ చేతికి తెలుస్తుంది, వాడి కంటికి తెలుస్తుంది. మీ తాతగారి లెక్కలో మీరు ఏమి మార్చాలనుకుంటున్నారో అక్కడే ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టండి. ఆ కాగితం నకలు మాకు పంపితే, మీ పేరు వేయమంటే పేరుతో, వద్దంటే పేరు లేకుండా, వచ్చే సంచికలో ఇదే పేజీలో అచ్చు వేస్తాం.